ఓసీ-3లో టీ1లు ఎన్ని పడతాయి? భాగహారం 100 అంటుంది, పరికరం 84 అంటుంది

ఆన్‌లైన్ యూనిట్ కన్వర్టర్లలో డేటా స్పీడ్ పేజీ తెరిస్తే కేబీపీఎస్, ఎంబీపీఎస్ పక్కనే టీ1, టీ3, ఇ1, ఓసీ-3, ఎస్‌టీఎం-1 అని కూడా లిస్టులో కనిపిస్తాయి. ఇవి టెలికాం లైన్ల రకాలు, ఒక్కోదానికి ఒక్కో స్థిరమైన రేటు, ఓసీ-3కీ ఎస్‌టీఎం-1కీ మాత్రం ఒకటే. ఒక ఓసీ-3కి ఎన్ని టీ1లు అని కొడితే 100.725 అని వస్తుంది. ఓసీ-3 రేటు 155.52 ఎంబీపీఎస్‌ని టీ1 రేటు 1.544తో భాగిస్తే వచ్చేది అదే కాబట్టి లెక్కలో తప్పేం లేదు. కానీ ఆ ఫైబర్ చివర ఉన్న మల్టీప్లెక్సర్ (చిన్న లైన్లని ఒకే పెద్ద లైన్లో సర్దే పరికరం) మాత్రం 84 టీ1లు పట్టాక ఇంక చోటు లేదంటుంది. ఇ1లతో చేసినా అంతే, భాగిస్తే 75.9, నిజంగా పట్టేది 63. మిగతా లైన్లు ఎటు పోయాయో తెలియక కెపాసిటీ ప్లానింగ్ చేసేవాళ్ళు, పరీక్షలకి చదివేవాళ్ళు తికమక పడుతుంటారు.

క్లుప్తంగా చెప్పాలంటే ఇవి కిలోమీటరు-మైలు లాంటి కొలతలు కావు, ఒకదాంట్లో ఒకటి పెట్టే పెట్టెలు. పాత టెలికాం రేట్లన్నీ సెకనుకు 8000 సార్లు కొట్టే ఒకే తాళం మీద పుట్టాయి, అందుకని సెకనుకు ఎన్ని బిట్లు అని కాకుండా 125 మైక్రోసెకన్లకు ఎన్ని బైట్లు అని చూస్తే చాలా చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. ఈథర్నెట్, ఓటీఎన్ (ఫైబర్ మీద ఇలాంటి పెట్టెల్ని మోసే తర్వాతి పద్ధతి) వచ్చాక ఆ తాళం తప్పింది, అక్కడ లెక్క వేరే.

64 అనే అంకె ఎక్కడిది

ఫోన్‌లో మాటకి 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా పంపితే చాలు అనుకుని, గార్డ్ బ్యాండ్‌తో కలిపి ఒక్కో చానల్‌కి 4000 హెర్ట్జ్ ఇచ్చారు. దాన్ని డిజిటల్ చెయ్యాలంటే కనీసం రెట్టింపు సార్లు శాంపిల్ తియ్యాలి, అంటే సెకనుకు 8000 సార్లు, ఒక్కో శాంపిల్‌కి 8 బిట్లు. మొత్తం 64 కేబీపీఎస్. దీన్నే డీఎస్0 అంటారు. సెకనుకు 8000 అంటే ఒక్కో శాంపిల్‌కి మధ్య 125 మైక్రోసెకన్లు, కాబట్టి డీఎస్0 అంటే 125 మైక్రోసెకన్లకి ఒక బైట్, అంతే. ఏ టెలికాం రేటునైనా 64 కేబీపీఎస్‌తో భాగిస్తే ఒక్క తాళానికి ఎన్ని బైట్లు వెళ్తున్నాయో తెలుస్తుంది. ఎస్‌టీఎం-1 155.52ని అలా భాగిస్తే సరిగ్గా 2430 వస్తుంది, చుక్క తర్వాత ఏమీ ఉండదు, అది యాదృచ్ఛికం కాదు.

టీ1కి 24, ఇ1కి 32

అమెరికాలో బెల్ సిస్టమ్ 1962లో టీ1ని వాడకంలోకి తెచ్చింది. 24 చానళ్ళు, ఒక్కోదానికి 8 బిట్లు, మొత్తం 192, ఫ్రేమ్ ఎక్కడ మొదలైందో గుర్తుపట్టడానికి ఇంకొక్క బిట్. 193ని 8000తో గుణిస్తే 1.544 ఎంబీపీఎస్. యూరప్ వాళ్ళు తర్వాత వచ్చి 32 టైమ్‌స్లాట్లతో 2.048 ఎంబీపీఎస్ ఇ1 పెట్టుకున్నారు, అందులో స్లాట్ 0 ఫ్రేమింగ్‌కి, స్లాట్ 16 సిగ్నలింగ్‌కి, మాటలకి మిగిలేవి 30. (2.048 చూసి ఇది 1024 లెక్క అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కాదు, 32ని 64తో గుణిస్తే 2048 వచ్చింది అంతే. టెలికాంలో కిలో అంటే ఎప్పుడూ 1000.)

టీ1లో సిగ్నలింగ్‌కి వేరే స్లాట్ లేదు కాబట్టి ప్రతి ఆరో ఫ్రేమ్‌లో ఒక్కో చానల్ చివరి బిట్‌ని లాక్కునేవారు, దాన్ని రాబ్డ్ బిట్ అనేవాళ్ళు. మాటకి ఆ తేడా చెవికి తెలియదు. డేటాకి మాత్రం ఏ బిట్ పోతుందో నమ్మకం లేదు కాబట్టి 8లో 7 బిట్లే వాడుకునేవారు, అమెరికాలో 64 బదులు 56 కేబీపీఎస్ లీజ్డ్ లైన్లు కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. కాబట్టి 'టీ1 అంటే ఎంత' అన్న చిన్న ప్రశ్నకే లైన్ రేటు 1.544, పేలోడ్ (ఫ్రేమింగ్ బిట్ తీసేస్తే మిగిలేది) 1.536, 56 చొప్పున 24 చానళ్ళు లెక్కేస్తే 1.344 అని మూడు జవాబులున్నాయి, మూడూ కరెక్టే.

ఈ రెండింటి మధ్య మార్పిడి కూడా దేన్ని లెక్కపెడుతున్నామో దాన్ని బట్టి మారుతుంది. టైమ్‌స్లాట్లు లెక్కపెడితే 4 టీ1లు 3 ఇ1లకి సమానం, రెండువైపులా 96. ఫోన్ కాల్స్ లెక్కపెడితే 5 టీ1లకి 4 ఇ1లు, రెండువైపులా 120. పైగా మాటని 8 బిట్లలోకి మార్చే కోడింగ్ టీ1 వైపు మ్యూ-లా, ఇ1 వైపు ఎ-లా కాబట్టి మాట అయితే ప్రతి బైట్‌నీ మార్చాలి, డేటా అయితే ముట్టుకోకూడదు. స్పీడ్ కన్వర్టర్ బాక్సులో ఇవేవీ ఉండవు.

కూడిక ఎందుకు కుదరదు

తర్వాతి మెట్టు ఇంకా గందరగోళం. 4 టీ1లు కలిపితే 6.176 రావాలి, కానీ టీ1 పై మెట్టయిన డీఎస్2 రేటు 6.312. ఏడు డీఎస్2లు కలిపితే 44.184, కానీ డీఎస్3 (టీ3 అన్నా ఇదే) రేటు 44.736. ప్రతి మెట్టు దగ్గరా కొంత ఎక్కువ కనిపిస్తుంది. కారణం గడియారాలు. ఆ రోజుల్లో ఒక్కో పరికరానికీ సొంత క్రిస్టల్ గడియారం ఉండేది, అందరూ 1.544 అనే అంటారు కానీ ఒకటి పది లక్షలకి కొన్ని బిట్లు ముందుంటుంది, ఇంకోటి వెనకుంటుంది. అలాంటి నాలుగింటిని ఒకే పెట్టెలో సర్దాలంటే అందరికన్నా వేగంగా ఉన్నదానికి కూడా సరిపోయే చోటు పెట్టి, నెమ్మదిగా ఉన్నవాటి దగ్గర ఖాళీ బిట్లు కుక్కాలి, ఎక్కడ కుక్కామో అవతలివాడికి చెప్పాలి. దాన్నే స్టఫింగ్ అంటారు. 'దాదాపు ఒకే వేగం' అనే అర్థంలో ఈ పద్ధతి మొత్తానికి ప్లీసియోక్రోనస్, పొట్టిగా పీడీహెచ్ అని పేరు పడింది.

ఇలా డీఎస్3లో 28 టీ1లు, అంటే 672 డీఎస్0లు. యూరప్ వైపు నాలుగేసి చొప్పున ఇ2 8.448, ఇ3 34.368, ఇ4 139.264 అని వెళ్ళింది, ఇ4లో 64 ఇ1లు. జపాన్ మొదటి రెండు మెట్లు అమెరికాతో కలిసి నడిచి మూడోదాని దగ్గర 32.064, ఆ తర్వాత 97.728 అని తన దారి చూసుకుంది.

గుడ్డి భాగహారం ఎంత నమ్మకంగా మోసం చేస్తుందో చెప్పడానికి ఇ4 మంచి ఉదాహరణ. 139.264ని 2.048తో భాగిస్తే సరిగ్గా 68 వస్తుంది, చుక్క తర్వాత ఒక్క అంకె కూడా లేకుండా. ఇంత శుభ్రంగా వచ్చింది కదా, ఇదే జవాబు అనిపిస్తుంది. కానీ ఇ4లో పట్టేది 64 మాత్రమే. మిగతా నాలుగు ఇ1లంత చోటు మూడు మెట్ల స్టఫింగ్‌కి, ఫ్రేమింగ్‌కి పోయింది.

పీడీహెచ్‌లో ఇంకో ఇబ్బంది ఏంటంటే మధ్య ఊళ్ళో ఒక్క ఇ1 దించుకోవాలన్నా మొత్తం ఇ4ని మెట్టు మెట్టుగా విప్పి, కావాల్సింది తీసుకుని, మళ్ళీ మొత్తం కట్టాలి. ఖాళీ బిట్లు ఎక్కడున్నాయో విప్పితే తప్ప తెలియదు మరి.

51.84 ఎలా పుట్టింది

1984లో ఏటీ అండ్ టీ ముక్కలయ్యాక అమెరికాలో ఒక కంపెనీ ఫైబర్ పరికరం ఇంకో కంపెనీ పరికరంతో మాట్లాడాల్సిన అవసరం పెరిగింది. ఆ ముక్కల ఉమ్మడి పరిశోధనా సంస్థ బెల్‌కోర్‌లో 1985 ప్రాంతంలో మొదలైన సోనెట్ (ఫైబర్ మీద అందరికీ ఒకే పెట్టెల పద్ధతి) పని, అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ సీసీఐటీటీ చేతిలో ఎస్‌డీహెచ్‌గా 1988లో ప్రమాణాలు అయ్యింది. అమెరికాకి డీఎస్3 పట్టే చిన్న పెట్టె కావాలి, యూరప్‌కి ఇ4 పట్టే పెద్ద పెట్టె కావాలి. చివరికి అమెరికా పెట్టెలు మూడు పక్కపక్కన పెడితే యూరప్ పెట్టె అయ్యేలా కుదిరింది, 51.84 మూడింతలు 155.52.

51.84ని బైట్లలో చూస్తే ఒక్క తాళానికి 810, అంటే 9 వరసలు, 90 కాలమ్‌లు. అందులో 3 కాలమ్‌లు ట్రాన్స్‌పోర్ట్ ఓవర్‌హెడ్ (లైన్ నిర్వహణకి), 1 కాలమ్ పాత్ ఓవర్‌హెడ్ (లోపలి పెట్టె నిర్వహణకి), 2 కాలమ్‌లు ఊరికే నింపి వదిలేసేవి. మిగిలేవి 84 కాలమ్‌లు. ఈ 84ని పన్నెండేసి చొప్పున ఏడు గుంపులు చేస్తారు. పన్నెండు కాలమ్‌ల గుంపుని నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి 27 బైట్లు, టీ1కి కావాల్సిన 24 బైట్ల ఒక బిట్‌కి కాస్త వదులుగా సరిపోతుంది. అదే గుంపుని మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 36 బైట్లు, ఇ1 32 బైట్లకి సరిపోతుంది. ఒకే పెట్టె, రెండు ఖండాల కొలతలూ. 7 గుంపుల్లో నాలుగేసి అంటే 28 టీ1లు, మూడేసి అంటే 21 ఇ1లు. ఇవి మూడింతలైతే 84, 63. మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే.

ఇప్పుడు ఒక చిన్న గుణకారం చేస్తే అసలు సంగతి బయటపడుతుంది. 84 టీ1లు ఒక్కోటి 24 చానళ్ళు, 2016. 63 ఇ1లు ఒక్కోటి 32 స్లాట్లు, అదీ 2016. మూడు డీఎస్3లు ఒక్కోటి 672, అదీ 2016. ఎటునుంచి వచ్చినా 2430 బైట్లలో 2016 బైట్లే కింది స్థాయి లైన్లవి, అంటే దాదాపు 83 శాతం. సోనెట్ లేదా ఎస్‌డీహెచ్ రేటుని టీ1 లేదా ఇ1లతో భాగించి వచ్చినదాన్ని 0.83తో గుణిస్తే అసలు జవాబు దగ్గరికి వెళ్ళిపోవచ్చు. ఉదాహరణకి ఓసీ-48ని భాగిస్తే 1611, అసలు పట్టేది 1344.

పోయిన 17 శాతం ఊరికే పోలేదు. ఓవర్‌హెడ్‌లో ఎర్రర్ లెక్కలు, అలారంలు, నిర్వహణ చానళ్ళు ఉంటాయి, పాయింటర్లు ఉంటాయి. లోపల పెట్టె ఎక్కడ మొదలవుతుందో పాయింటర్ చెప్తుంది కాబట్టి మొత్తం విప్పకుండా కావాల్సిన ఇ1 ఒక్కటే దించుకోవచ్చు, గడియారాలు కొంచెం తేడా పడితే పాయింటర్ ఒక అడుగు జరుగుతుంది. పీడీహెచ్‌కి చేతకాని పని అదే.

అయితే సర్దే దారిని బట్టి కూడా సంఖ్య మారుతుంది. ఒకే ఎస్‌టీఎం-1లో ఇ1లని నేరుగా పెడితే 63. పాత ఇ4ని విప్పకుండా అలాగే దించితే దాని లోపల 64 ఉంటాయి. ఇ3లుగా కట్టి పెడితే మాత్రం 48 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే 34.368కి విడిగా పెట్టె లేదు, 44.736 పట్టే పెట్టెలోనే కూర్చోవాలి, ఎస్‌టీఎం-1లో అలాంటివి మూడే ఉన్నాయి. ఒకే ఫైబర్, ఒకే రేటు, మూడు జవాబులు.

పేర్లలో దొర్లే తప్పులు

ఓసీ అంటే కాంతి రూపం, ఎస్‌టీఎస్ అంటే అదే సిగ్నల్ కరెంటు రూపం, రేటు రెండింటికీ ఒకటే. ఎస్‌టీఎం అనేది ఎస్‌డీహెచ్ వైపు పేరు, దాని అంకెని మూడుతో గుణిస్తే ఓసీ అంకె వస్తుంది, ఎస్‌టీఎం-16 అంటే ఓసీ-48, ఎస్‌టీఎం-64 అంటే ఓసీ-192. ఓసీ అంకెని 51.84తో గుణిస్తే లైన్ రేటు వచ్చేస్తుంది, ఓవర్‌హెడ్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి పైకి వెళ్ళేకొద్దీ అంకె పక్కాగా గుణింతమే, పీడీహెచ్‌లోలా అతుకులు ఉండవు.

చివర 'సి' అక్షరం ఉందా లేదా అన్నది చాలామంది చూడరు. ఓసీ-3 అంటే మూడు విడి పెట్టెలు, ఓసీ-3సి అంటే మూడింటి మధ్య గోడలు తీసేసి ఒకే పెద్ద పెట్టె చేసింది. రౌటర్లకి కావాల్సింది ఇదే. అప్పుడు పేలోడ్ 149.76 ఎంబీపీఎస్. ఓసీ-12సిలో 599.04, ఓసీ-48సిలో 2396.16. దాని మీద ఏటీఎం (డేటాని చిన్న చిన్న సెల్స్‌గా కోసి పంపే పద్ధతి, బ్యాంకు ఏటీఎం కాదు) నడిపితే ఒక్కో 53 బైట్ల సెల్‌లో 5 బైట్లు హెడర్ కాబట్టి 149.76 కాస్తా 135.63కి దిగుతుంది. 155 లింక్ తీసుకుని 135 దాటట్లేదని వాపోయేవాళ్ళకి ఈ లెక్క తెలిస్తే సగం ఫిర్యాదు పోతుంది. ఫైల్ కాపీ స్పీడ్‌లో చూస్తే ఇంకో మెట్టు దిగాలి, 155.52 మెగాబిట్లు అంటే 19.44 మెగాబైట్లు, 1024 లెక్కన చూపించే సాఫ్ట్‌వేర్‌లో 18.54.

ఈథర్నెట్ వచ్చి కూర్చుంటే

ఈథర్నెట్ పదేసి రెట్లు పెరుగుతుంది, 10, 100, 1000. ఎస్‌డీహెచ్ పెద్ద పెట్టెలు నాలుగేసి రెట్లు. ఈ రెంటికీ పొంతన లేదు. ఒక గిగాబిట్ ఈథర్నెట్‌ని మోయాలంటే 599 చాలదు, 2396 మరీ ఎక్కువ, అందులో పెడితే 42 శాతమే వాడకం. అందుకే వర్చువల్ కాంకాటినేషన్ తెచ్చారు, 149.76 పెట్టెలు ఏడు విడివిడిగా పంపి అవతల కలుపుకుంటారు, 1048.32, వాడకం 95 శాతం. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్‌కి ఇంకా సన్నగా కొయ్యొచ్చు, ఇ1 పెట్టెలో నికరంగా 2.176 పడుతుంది, అలాంటివి 46 కలిపితే 100.096. ఎస్‌టీఎం-1లో ఇంకా 17 ఇ1లకి చోటు మిగిలే ఉంటుంది.

10 గిగాబిట్ల దగ్గర రెండు లోకాలు దాదాపు ఎదురుపడ్డాయి. ఓసీ-192 లైన్ రేటు 9.953, అదీ ఓవర్‌హెడ్‌తో కలిపి. ఈథర్నెట్‌కి నికరంగా 10 కావాలి, ప్రతి 64 బిట్లని 66గా పంపే కోడింగ్ కలిపితే తీగ మీద 10.3125. ఇది అందులో పట్టదు. 2002లో వచ్చిన 10 గిగాబిట్ ప్రమాణంలో లాన్ ఫై (మామూలు ఈథర్నెట్ లింక్‌కి), వాన్ ఫై (టెలికాం లైన్‌కి) అని రెండు రకాలు పెట్టింది ఇందుకే. వాన్ ఫై ఓసీ-192 పెట్టెలో సరిపోవడానికి ఈథర్నెట్‌నే నెమ్మది చేస్తుంది, నికరంగా 9.29 జీబీపీఎస్. రెండింటినీ '10 గిగ్' అనే పిలుస్తారు, ఒకవైపు లాన్, ఇంకోవైపు వాన్ పెడితే లింక్ లేవదు.

ఓటీఎన్‌లో తాళం మారింది

ఎస్‌డీహెచ్‌లో రేటు పెరిగితే ఫ్రేమ్ పెద్దదవుతుంది, సమయం మాత్రం 125 మైక్రోసెకన్లే. ఓటీఎన్‌లో తలకిందులు, ఫ్రేమ్ సైజు మారదు, 4 వరసలు 4080 కాలమ్‌లు, రేటు పెరిగితే ఫ్రేమ్ తొందరగా వెళ్ళిపోతుంది. ఓటీఎన్ మెట్లని ఓటీయూ1, ఓటీయూ2 అలా పిలుస్తారు. ఓటీయూ1లో ఒక ఫ్రేమ్‌కి 48.971 మైక్రోసెకన్లు, ఓటీయూ2లో 12.191, ఓటీయూ4లో 1.168. ఇక్కడ 64తో భాగిస్తే ఏ అర్థమూ ఉండని అంకె వస్తుంది, బైట్ల చిట్కా పనికిరాదు.

బదులుగా భిన్నాలు గుర్తుపెట్టుకోవాలి. ఎర్రర్ కరెక్షన్‌కి వాడే రీడ్-సోలమన్ కోడ్‌లో ప్రతి 255 బైట్లకి 239 అసలువి, ఓటీఎన్ సొంత ఓవర్‌హెడ్ తీసేస్తే 238. కాబట్టి ఓసీ-48 రేటు 2.48832ని 255/238తో గుణిస్తే ఓటీయూ1 2.666. పై రేట్లలో కొన్ని కాలమ్‌లు ఖాళీగా నింపుతారు కాబట్టి ఓటీయూ2కి 255/237, 10.709, ఓటీయూ3కి 255/236, 43.018. ఓసీ-48 తన ఓవర్‌హెడ్‌తో సహా చెక్కు చెదరకుండా ఓటీయూ1 లోపల కూర్చుంటుంది, పైన వచ్చేది చుట్టిన కాగితం బరువు మాత్రమే. 2.666ని 1.544తో భాగించి 1726 టీ1లు అనుకుంటే కాకిలెక్కే, లోపల ఉన్నది అదే పాత ఓసీ-48, అవే 1344.

ఇప్పుడు లెక్క తిరగబడింది

పాత టీడీఎం (టైమ్‌స్లాట్లు పంచి నడిపే) పరికరాలు తీసేస్తున్న చోట ఇ1ని ప్యాకెట్లలో పెట్టి పంపుతున్నారు, సర్క్యూట్ ఎమ్యులేషన్ అంటారు. ఇదివరకు పెద్ద పెట్టెలో చిన్నవి ఎన్ని పడతాయి అని చూసేవాళ్ళు, ఇప్పుడు చిన్నదే ఎంత ఉబ్బుతుందో చూడాలి. శాటాప్ అనే పద్ధతిలో ఇ1కి మామూలు సైజు ప్యాకెట్‌కి 256 బైట్లు, అంటే ఎనిమిది తాళాలు, సరిగ్గా ఒక మిల్లీసెకను. దానికి కంట్రోల్ వర్డ్ 4 బైట్లు, ప్యాకెట్‌కి దారి చూపే రెండు ఎంపీఎల్‌ఎస్ లేబుళ్ళు 8, ఈథర్నెట్ హెడర్, చెక్‌సమ్, ప్రీయాంబుల్, ప్యాకెట్ల మధ్య ఖాళీ, ఈ నాలుగూ కలిపి 38. మొత్తం 306 బైట్లు, సెకనుకు వెయ్యి ప్యాకెట్లు, 2.448 ఎంబీపీఎస్.

ఆలస్యం తగ్గించాలని ప్యాకెట్‌ని 64 బైట్లకి కుదిస్తే హెడర్లు మాత్రం అంతే ఉంటాయి, సెకనుకు నాలుగు వేల ప్యాకెట్లు, ఒక్కోటి 114 బైట్లు, రేటు 3.648కి ఎగబాకుతుంది. 100 ఎంబీపీఎస్ పోర్ట్ మీద కన్వర్టర్ చూపించే 48 ఇ1లు మొదటి సైజులో 40 అవుతాయి, రెండో సైజులో 27.